ఒకే డాంగిల్, ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కో తీరు

సికింద్రాబాద్ పార్క్‌లేన్ కంప్యూటర్ దుకాణాల్లో గానీ, ఆన్‌లైన్‌లో గానీ కొన్ని వందల రూపాయలకే గోరంత వైఫై డాంగిల్ దొరుకుతుంది. వైఫై లేని పాత డెస్క్‌టాప్ ఇంట్లో ఉన్నవాళ్లకు ఇది మంచి ఉపాయం. హాల్లో ఉన్న రౌటర్ నుంచి పడకగది దాకా గోడలకు కన్నాలు కొట్టి కేబుల్ లాగే పని తప్పుతుంది. విండోస్ ల్యాప్‌టాప్‌కు పెడితే అర నిమిషంలో నెట్ వస్తుంది. అదే డాంగిల్‌ను లినక్స్ ఎక్కించిన పాత డెస్క్‌టాప్‌కు పెడితే ఒక్కోసారి దాని దీపం కూడా వెలగదు. మాక్‌బుక్‌కు పెడితే వైఫై జాబితాలో ఏ మార్పూ ఉండదు. టీవీ వెనక పెట్టినా అంతే. దాంతో పీసు పాడైందనుకుని దుకాణానికి తిరిగి తీసుకెళ్తారు. చాలాసార్లు అందులో పాడైంది ఏమీ ఉండదు.

దాని పక్కనే పెన్‌డ్రైవ్‌ను పెట్టి చూడండి. దాదాపు అదే ఆకారం, అదే యూఎస్‌బీ మూతి. పెన్‌డ్రైవ్ మాత్రం విండోస్‌లో, లినక్స్‌లో, మాక్‌లో, టీవీలో, కారు స్టీరియోలో కూడా పనిచేస్తుంది. ఒకే కన్నంలో దూరే రెండు వస్తువుల్లో ఒకటి అన్నిచోట్లా చెల్లి, రెండోది కొన్నిచోట్లే ఎందుకు చెల్లుతుంది? కారణం తెలిస్తే డాంగిల్ కొనేటప్పుడు ఏం చూడాలో, పని చేయకపోతే లోపం ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది.

గుచ్చిన మొదటి క్షణంలో

సాధారణ యూఎస్‌బీ 2.0 మూతిలో నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటు కోసం, రెండు సమాచారం కోసం. డాంగిల్‌ను గుచ్చగానే అది సమాచార తీగల్లో ఒకదాన్ని 1,500 ఓమ్‌ల నిరోధకం ద్వారా 3.3 వోల్టులకు లాగుతుంది. ఆ చిన్న వోల్టేజి మార్పును చూసి, ఎవరో వచ్చారని కంప్యూటర్ గ్రహిస్తుంది. కొత్తగా వచ్చిన ప్రతి పరికరమూ మొదట సున్నా అనే చిరునామాతోనే పలుకుతుంది. కంప్యూటర్ దానికి 1 నుంచి 127 వరకు ఉన్న సంఖ్యల్లో ఒకటి కేటాయించి, నువ్వెవరివని అడుగుతుంది. పరికరం 18 బైట్ల పరిచయ పత్రం పంపుతుంది. తయారీదారు సంఖ్య, వస్తువు సంఖ్య అందులోనే ఉంటాయి. ఆ వెనకే మరికొన్ని వివరాలు వస్తాయి.

1996లో వచ్చిన మొదటి యూఎస్‌బీ ప్రమాణం నుంచీ ఈ పరిచయం ఇలాగే సాగుతోంది. కీబోర్డు అయినా, ప్రింటర్ అయినా, డాంగిల్ అయినా తేడా లేదు. అంటే డాంగిల్ పనిచేయడం లేదని మనం అనుకునే కంప్యూటర్‌లో కూడా ఈ పరిచయం సజావుగానే ముగిసి ఉంటుంది. కరెంటు అందుతోంది, పేరు తెలిసింది, చిరునామా వచ్చింది. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది.

పరిచయ వివరాల్లో 'తరగతి' అని ఒక సంఖ్య ఉంటుంది. కీబోర్డు, మౌస్‌లది 3వ తరగతి. పెన్‌డ్రైవ్‌ది 8. వెబ్‌క్యామ్‌ది 14. ఈ తరగతుల పరికరాలతో ఎలా మాట్లాడాలో ముందే అందరూ కూర్చుని ఒప్పందం చేసుకున్నారు కాబట్టి, ఆ పద్ధతి ప్రతి ఆపరేటింగ్ సిస్టంలోనూ పుట్టుకతోనే ఉంటుంది. మార్కెట్లో దొరికే వైఫై డాంగిళ్లలో అత్యధికం చెప్పే సంఖ్య 255. ఉమ్మడి ఒప్పందాల్లో నా పద్ధతి లేదు, నన్ను తయారుచేసిన కంపెనీ పద్ధతిలోనే నాతో మాట్లాడాలి అని దాని అర్థం. రెండు వస్తువుల మధ్య తేడా అంతా ఈ ఒక్క సంఖ్యలో ఉంది.

దుబాసీ ఉంటేనే మాట

ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మచిలీపట్నం రేవులోనూ చెన్నపట్నంలోనూ దొరలకూ ఇక్కడి వర్తకులకూ మధ్య దుబాసీలు ఉండేవారు. ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పేవాడు లేకపోతే సరుకు ఎంత మంచిదైనా బేరం కుదరదు. కంప్యూటర్‌లో డ్రైవర్ అనే ప్రోగ్రాం చేసేది అచ్చంగా ఆ దుబాసీ పనే. పెన్‌డ్రైవ్ అందరికీ తెలిసిన భాష మాట్లాడుతుంది, దాని దుబాసీ ప్రతి కంప్యూటర్‌లోనూ ముందే కొలువై ఉంటాడు. వైఫై డాంగిల్‌లోని చిప్ తన కంపెనీ భాష ఒక్కటే మాట్లాడుతుంది. ఆ భాష వచ్చిన దుబాసీ మన కంప్యూటర్‌లో ఉన్నాడా లేడా అన్నదే అసలు ప్రశ్న.

మరి వైఫైకి కూడా ఉమ్మడి భాష పెట్టుకోవచ్చు కదా? ఇక్కడ కొంచెం ఆగి లోపలికి చూడాలి. డాంగిల్ ఎందుకంత చవకో కూడా ఇక్కడే తెలుస్తుంది.

పెన్‌డ్రైవ్‌కు అప్పగించే పని సరళమైనది. ఫలానా గడిలో ఉన్నది ఇవ్వు, ఫలానా గడిలో ఇది రాయి. వైఫై పని అలా కాదు. చుట్టుపక్కల ఏ రౌటర్లు ఉన్నాయో వెతకాలి. పాస్‌వర్డ్ నిరూపించుకోవాలి. సమాచారపు ప్రతి పొట్లాన్నీ (ప్యాకెట్‌ను) రహస్య సంకేతంలోకి మార్చాలి. గాలిలో ఇంకెవరూ మాట్లాడటం లేదని చూసుకుని పంపాలి. సిగ్నల్ తగ్గితే వేగం తగ్గించాలి, పెరిగితే పెంచాలి. వీటిలో కొన్నిటికి గడువు చాలా తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒక పొట్లం అందగానే, అందిందని సెకనులో లక్షో వంతు గడవగానే, అంటే 10 మైక్రోసెకన్లకే, బదులు మొదలవ్వాలి. లేకపోతే అవతలివాడు పొట్లం పోయిందనుకుని మళ్లీ పంపుతాడు. యూఎస్‌బీ 2.0 తన కాలాన్ని 125 మైక్రోసెకన్ల ముక్కలుగా విభజించి పనిచేస్తుంది. కంప్యూటర్‌ను అడిగి బదులిద్దామంటే గడువు ఎప్పుడో దాటిపోతుంది. కాబట్టి ఇలాంటి తొందర పనులు చిప్ స్వయంగా చేసుకోక తప్పదు. రౌటర్ల జాబితా తయారుచేయడం, ఏ రౌటర్‌కు కలవాలో నిర్ణయించడం వంటి నిదానపు పనులను కంప్యూటర్‌కు వదిలేయవచ్చు.

ఏ పని చిప్‌ది, ఏ పని కంప్యూటర్‌ది అనే గీతను ఒక్కో కంపెనీ ఒక్కోచోట గీసింది. తైవాన్‌కు చెందిన రియల్‌టెక్ ఒకచోట, ఆ దేశానిదే అయిన మీడియాటెక్ మరోచోట, అమెరికన్ కంపెనీ ఎథెరోస్ ఇంకోచోట. ఒకే కంపెనీ రెండు చిప్‌లలో కూడా ఆ గీత కదులుతుంది. చవక డాంగిల్ వీలైనంత పనిని కంప్యూటర్ మీదికి నెట్టేస్తుంది. అందుకే దానికి పెద్ద ప్రాసెసర్ అక్కర్లేదు, ధరా తగ్గుతుంది.

ఇంకో పొదుపు కూడా ఉంది. చిప్ లోపల నడవాల్సిన చిన్న ప్రోగ్రాంను, అంటే ఫర్మ్‌వేర్‌ను, శాశ్వతంగా దాచుకునే మెమరీ చాలా డాంగిళ్లలో ఉండదు. గుచ్చిన ప్రతిసారీ డ్రైవర్ పదుల కిలోబైట్ల ఆ ఫైలును కంప్యూటర్ నుంచి చిప్‌లోకి ఎక్కిస్తుంది. పీకేయగానే చిప్ దాన్ని మరిచిపోతుంది. కాబట్టి డ్రైవర్ ఉన్నా ఫర్మ్‌వేర్ ఫైలు లేకపోతే డాంగిల్ కదలదు. లినక్స్ కొత్తగా వాడేవారిని ఎక్కువగా ఏడిపించేది ఇదే. డెబియన్ అనే ప్రసిద్ధ లినక్స్, మూలరూపం (సోర్స్ కోడ్) బయటపెట్టని ఫర్మ్‌వేర్‌ను తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో చాలా ఏళ్లు చేర్చలేదు. 2022లో సభ్యులు ఓటు వేసి ఆ నియమం మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన 12వ విడుదల నుంచి ఆ ఫైళ్లు ఇన్‌స్టాలర్‌తోనే వస్తున్నాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అభిమానులకు ఏఆర్9271 అనే ఎథెరోస్ చిప్ మీద ప్రత్యేకమైన ప్రేమ ఉండటానికి కారణం, దాని ఫర్మ్‌వేర్ మూలరూపాన్ని 2013లో బహిరంగంగా ఇచ్చేయడం.

విండోస్, లినక్స్, మాక్, ఇంకా చిన్నవి

విండోస్‌లో పని తేలిగ్గా అవుతుంది. చిప్ కంపెనీలు మొదట డ్రైవర్ రాసేది దానికే. సాధారణ చిప్‌ల డ్రైవర్లు విండోస్‌తోనే వస్తాయి, లేనివి విండోస్ అప్‌డేట్ దింపుకుంటుంది. దింపుకోవడానికి నెట్ కావాలి, నెట్ కోసమేగా డాంగిల్ కొన్నది! అందుకే డబ్బాలో అరచేతిలో పట్టేంత సీడీ ఒకటి పెడతారు. సీడీ డ్రైవ్ లేని ల్యాప్‌టాప్‌ల కాలం వచ్చాక తయారీదారులు ఇంకో ఎత్తు వేశారు. కొన్ని డాంగిళ్లు గుచ్చగానే తమను సీడీ డ్రైవ్‌గా పరిచయం చేసుకుంటాయి. అది ఉమ్మడి తరగతే కాబట్టి అందరికీ అర్థమవుతుంది. అందులోంచి డ్రైవర్ ఎక్కించుకున్నాక వేషం తీసేసి వైఫై పరికరంగా మళ్లీ పరిచయం చేసుకుంటాయి. లినక్స్‌లో కొన్నిసార్లు ఆ వేషం తీయించేవారు లేక డాంగిల్ సీడీగానే మిగిలిపోతుంది. అప్పుడు యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రాం ఆ పని చేసిపెడుతుంది.

లినక్స్‌లో డ్రైవర్లు చాలావరకు దాని కేంద్ర భాగమైన కెర్నెల్‌లోనే కలిసి ఉంటాయి. చిప్ అందులో ఉంటే విండోస్ కంటే హాయి, ఏమీ ఎక్కించక్కర్లేదు. ర్యాలింక్ ఆర్‌టీ5370 వంటి చిప్‌లు చాలాకాలంగా అలా పనిచేస్తున్నాయి. మీడియాటెక్ ఎంటీ7601యూకు 2015లో వచ్చిన 4.2 కెర్నెల్‌లో చోటు దొరికింది. 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు రెండింటిలోనూ పనిచేసే ఎంటీ7612యూకు 2018 నాటి 4.19లో దొరికింది. చిప్ కెర్నెల్‌లో లేకపోతే ఎవరో ఉంచిన డ్రైవర్ మూలరూపాన్ని తెచ్చి మన కంప్యూటర్‌లో కంపైల్ చేసుకోవాలి. అది ఈ రోజు పనిచేస్తుంది, కెర్నెల్ మారిన రోజు మూలన పడవచ్చు. లినక్స్ కోసం డాంగిల్ కొనేవారు నాలుగు రూపాయలు ఎక్కువైనా కెర్నెల్‌లో ఉన్న చిప్‌నే వెతికి కొనాలని నేను గట్టిగా చెబుతాను.

మాక్ సంగతి వేరు. బయటి వైఫై డాంగిళ్లకు ఆపిల్ డ్రైవర్లు ఇవ్వదు, చిప్ కంపెనీయే ఇవ్వాలి. ఆ డ్రైవర్లు కెర్నెల్‌లోకి చొరబడి పనిచేసే పాత పద్ధతిలో రాసినవి. 2019 నుంచి ఆపిల్ ఆ పద్ధతిని దశలవారీగా తగ్గిస్తూ వచ్చింది. 2020 చివర్లో సొంత చిప్‌ల మాక్‌లు వచ్చాక చవక డాంగిళ్లకు అక్కడ దాదాపు దారి మూసుకుపోయింది. మాక్‌లో వైఫై పాడైతే డాంగిల్ కన్నా యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్ నయం. కేబుల్ నెట్‌వర్క్‌కు ఉమ్మడి తరగతి ఉంది కనుక, ఆ తరగతిని పాటించే అడాప్టర్ డ్రైవర్ అడగదు. టీవీకైనా, సెట్‌టాప్ బాక్సుకైనా ఇదే తర్కం. వాటి లోపల లినక్స్ ఉన్నా, తయారీదారు ఎంచుకున్న ఒకటి రెండు చిప్‌ల డ్రైవర్లే ఉంటాయి.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు కథ ఈ డాంగిళ్ల చరిత్రలో మంచి ఘట్టం. 2012 ఫిబ్రవరిలో వచ్చిన మొదటి బోర్డులో వైఫై లేదు. 2016లో మూడో తరం వచ్చేదాకా ప్రపంచమంతా దానికి గోరంత డాంగిళ్లే గుచ్చింది. తొలి బోర్డుల యూఎస్‌బీ మూతికి 140 మిల్లీఆంపియర్ల ఫ్యూజు ఉండేది. యూఎస్‌బీ 2.0 ప్రమాణం 500 దాకా ఇవ్వవచ్చని చెబుతుంది, వైఫై డాంగిల్ సిగ్నల్ పంపేటప్పుడు 140 దాటి లాగుతుంది. దాంతో డాంగిల్‌కు చాలినంత కరెంటు అందేది కాదు. సొంత కరెంటు లేని చవక హబ్‌కు నాలుగు పరికరాలు తగిలించినప్పుడు డాంగిల్ పదేపదే తెగిపోవడానికి కూడా ఈ కరెంటు కొరతే తరచుగా కారణం.

బాక్సు: పేరు ఒకటే, చిప్ వేరు

డబ్బా మీది మోడల్ పేరు చిప్ పేరు కాదు. టీపీలింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అనే డాంగిల్ మొదటి వెర్షన్‌లో ఎథెరోస్ ఏఆర్9271 చిప్ ఉండేది. రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ ఆర్‌టీఎల్8188ఈయూఎస్ వచ్చింది. పేరు, రూపం, యాంటెన్నా అవే. మొదటిదాని గురించి చదివి రెండోది కొన్న లినక్స్ వాడుకరులు చాలామంది ఇబ్బంది పడ్డారు.

చిప్‌ను గుర్తించడానికి తయారీదారు సంఖ్య, వస్తువు సంఖ్య చూడాలి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, ఆ పరికరం ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ కింద హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే వీఐడీ, పీఐడీ అనే మాటల పక్కన నాలుగేసి అక్షరాలు కనిపిస్తాయి. లినక్స్ టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అనే ఆదేశం ఇస్తే చాలు. రియల్‌టెక్ సంఖ్య 0బీడీఏ, ర్యాలింక్‌ది 148ఎఫ్. కొన్ని డాంగిళ్లు చిప్ కంపెనీవి కాకుండా అమ్మే కంపెనీ సంఖ్యలు చెబుతాయి. అప్పుడు రెండు సంఖ్యలూ కలిపి ఇంటర్నెట్‌లో వెతికితే లోపలి చిప్ పేరు దొరుకుతుంది.

ఈ ఒక్క పేరు డబ్బా మీద ముద్రిస్తే ఎంతో డబ్బు, సమయం మిగులుతాయి. డబ్బాల మీద అది కనిపించడం అరుదు.

నెట్ వచ్చింది, వేగం ఏది?

దుబాసీ దొరికినంత మాత్రాన కథ అయిపోలేదు. డాంగిల్ లోపల ఒక రేడియో ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. మామూలుగా మంచి యాంటెన్నాకు అందులో నాలుగో వంతు, అంటే మూడు సెంటీమీటర్ల పైచిలుకు పొడవు కావాలి. గోరంత డాంగిల్‌లో మూతి బయట మిగిలేది ఒక సెంటీమీటరు లోపే. అందులో యాంటెన్నాను మెలికలు తిప్పి ఇరికిస్తారు, లేదా పింగాణీ ముక్కగా చేసి అతికిస్తారు. పనిచేస్తుంది గానీ పట్టు తగ్గుతుంది. దాన్ని డెస్క్‌టాప్ వెనక గుచ్చితే ముందు ఇనుప క్యాబినెట్, వెనక గోడ, పైన బల్ల. ఎంత మంచి రౌటరైనా అక్కడికి అందడం కష్టమే.

డబ్బా మీద 150 ఎంబీపీఎస్ అని ఉంటుంది. ఒక్క యాంటెన్నాతో, 40 మెగాహెర్ట్జ్ వెడల్పు దారి మొత్తం దొరికినప్పుడు గాలిలో నడిచే గరిష్ఠ వేగం అది. 2.4 బ్యాండ్ మొత్తం వెడల్పే 83.5 మెగాహెర్ట్జ్. మన దేశంలో 2005 నుంచి లైసెన్సు అక్కర్లేకుండా ఎవరైనా వాడుకునేలా దీన్ని వదిలారు. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్లు, అపార్ట్‌మెంట్లోని రౌటర్లన్నీ ఇక్కడే. ఆ రద్దీలో 20 మెగాహెర్ట్జ్ దారే దొరుకుతుంది, వేగం 72కు దిగుతుంది. వంతు కోసం ఎదురుచూపులు, అందిందనే బదులు, పోయినవి మళ్లీ పంపడం పోగా చేతికొచ్చేది అందులో సగం అటూఇటుగా. 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ పెట్టుకున్నవారికి ఈ డాంగిల్‌తో ముప్పయ్యో నలభయ్యో వస్తే అది డాంగిల్ లోపమూ కాదు, నెట్ కంపెనీ మోసమూ కాదు.

ఫోన్‌కు కనిపించే వైఫై పేరు కంప్యూటర్‌కు కనిపించకపోతే, ఆ పేరు 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ది అయి ఉంటుంది. 2.4 మాత్రమే వచ్చిన డాంగిల్‌కు అది ఎప్పటికీ వినపడదు. రౌటర్ 12 లేదా 13వ ఛానెల్‌లో ఉన్నా ఇలాగే జరగవచ్చు. అమెరికా నిబంధనల ప్రకారం తయారైన డాంగిళ్లు 11 దగ్గరే ఆగిపోతాయి. పేరు కనిపించి, సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా కలవకపోతే రౌటర్‌లో భద్రత డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉందేమో చూడండి. పాత డాంగిళ్లకు డబ్ల్యూపీఏ2 కూడా తెరిచి ఉంచాలి.

చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. నీలం రంగు యూఎస్‌బీ 3.0 మూతి సెకనుకు 500 కోట్ల బిట్లు పంపుతుంది. అంత వేగంతో తీగలో పరుగెత్తే సంకేతం రేడియో తరంగాలుగా కొంత బయటికి కారుతుంది. ఆ రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతాన్ని కూడా కప్పేస్తుంది. ఇంటెల్ 2012లోనే ఈ విషయం కొలిచి చూపించింది. వైఫై వాడే బ్యాండ్‌లోనే పుట్టే రొద కాబట్టి వడగట్టే వీలు లేదు. పక్క మూతిలో 3.0 హార్డ్‌డిస్క్ కాపీ అవుతున్నప్పుడు వైఫై నీరసించడానికి కారణం ఇదే. విరుగుడు తేలిక. ఒక మీటరు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి డాంగిల్‌ను బల్ల మీదికి, క్యాబినెట్‌కు దూరంగా లాగండి. ఇనుప అడ్డూ తొలగుతుంది, రొదా తగ్గుతుంది. కొత్త డాంగిల్ కొనే ముందు చేసి చూడాల్సిన పని ఇది.

నెట్ లేకుండా డ్రైవర్ దించుకోవడం

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 అడిగే అర్హతలు లేని కంప్యూటర్లు లక్షల ఇళ్లలో, బడుల్లో ఉన్నాయి. లినక్స్‌కు మారితే అవి ఇంకా చాలాకాలం పనికొస్తాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ను కూడా రూపొందించింది. అలా మార్చిన రోజునే, అప్పటిదాకా చక్కగా పనిచేసిన డాంగిల్ మొండికేస్తుంది. డ్రైవర్ కోసం నెట్ కావాలి, నెట్ కోసం డ్రైవర్ కావాలి.

మార్చే ముందే సంఖ్యలు చూసి చిప్ పేరు రాసి పెట్టుకోవడం మొదటి జాగ్రత్త. లినక్స్‌ను ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి, వైఫై జాబితా వస్తోందో లేదో చూడటం రెండోది. రెండూ చేయకుండానే ఇరుక్కుంటే చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ ఆదుకుంటుంది. ఫోన్‌ను చార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉన్నచోట యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోన్ అప్పుడు కేబుల్ నెట్‌వర్క్ కార్డుగా తనను పరిచయం చేసుకుంటుంది. ఆ భాష విండోస్‌కూ, లినక్స్‌కూ ముందే వచ్చు. వైఫైతో కలిసి ఉన్న ఫోన్ చాలా మోడళ్లలో మొబైల్ డేటా ఖర్చు చేయకుండా ఆ వైఫైనే కేబుల్ గుండా కంప్యూటర్‌కు అందిస్తుంది. డ్రైవర్, ఫర్మ్‌వేర్ దిగేదాకా ఫోనే డాంగిల్ పని చేస్తుంది. అవి దిగాక ఫోన్ తీసేసి, కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి, డాంగిల్‌ను మళ్లీ గుచ్చితే వైఫై జాబితా వస్తుంది.